స్తంభం తీసే ముందు దూలానికి ఊత
వసారా, పోర్టికో కప్పుల మరమ్మతులలో పాటించవలసిన జాగ్రత్తలు

తెలుగునాట పాత పెంకుటిళ్లలో వసారా కేవలం నీడనిచ్చే చోటు కాదు. ధాన్యం బస్తాలు దించేది, పెద్దలు మంచం వాల్చుకునేది, పసిబిడ్డకు ఉయ్యాల కట్టేది అక్కడే. ఇంటి లోనికి వెళ్లే ప్రధాన ద్వారం కూడా ఆ కప్పు కిందనే ఉంటుంది. గోడపై నుండి ఏటవాలుగా దిగివచ్చిన వాసాలు ముందువైపున ఒక దూలంపై ఆనుకొని ఉండగా, ఆ దూలాన్ని వరుసగా నిలిపిన కొయ్య స్తంభాలు మోస్తూ ఉంటాయి. చూరు నుండి జారిన వాన నీరు అరుగు అంచున పడి స్తంభాల మొదళ్లపై చిందుతుంది. తేమ నిలిచిన చోటికి నేల నుండి చెద పాకుతుంది. ఫలితంగా పైన ఆరేడు అడుగుల కొయ్య చెక్కుచెదరకుండా ఉన్నా, అడుగున ఒక్క అడుగు మేర గుల్లబారిపోవడం పాత ఇళ్లలో తరచుగా కనిపించే విషయం.

ఇటువంటి స్తంభాన్ని మార్చడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. అనుభవం గల వడ్రంగి, ఇద్దరు సహాయకులు ఉంటే ఒకటి రెండు రోజులలో పూర్తవుతుంది. అయితే పాత స్తంభం తొలగించి కొత్తది నిలిపే వరకు గల వ్యవధిలో కప్పును మోసేది ఏమిటన్న ప్రశ్నకు చాలా చోట్ల సరైన సమాధానం ఉండదు. దొరికిన సర్వీ కర్ర ఒకటి దూలం కింద ఏటవాలుగా ఆనించి, అడుగున రెండు ఇటుకలు పేర్చి, పాత స్తంభాన్ని సమ్మెటతో కొట్టి పడగొట్టడం వాడుకలో ఉన్న పద్ధతి. పదిసార్లు ఏమీ కాకపోవచ్చు. పదకొండవసారి కర్ర జారితే దాని కింద ఉండేది పనివారు, ఇంటి గుమ్మం.

బరువు ఎంత, ఎటు పోతుంది

కప్పు బరువును కంటితో అంచనా వేయడం వలననే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి. బెంగుళూరు పెంకులతో నేసిన కప్పు, పెండెలతో కలిపి, చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు ఉంటుందని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 మొదటి భాగం సూచిస్తున్నది. 2.4 మీటర్ల వెడల్పు, రెండేసి మీటర్ల ఎడంలో స్తంభాలు గల ఒక సాధారణ వసారాను ఉదాహరణగా తీసుకోవచ్చు. కప్పు బరువులో దాదాపు సగం ఇంటి గోడ మోస్తుంది. మిగిలిన సగం, దానితోపాటు ముందుకు చొచ్చుకొని వచ్చిన చూరు బరువు, దూలం ద్వారా స్తంభాలపై పడతాయి. ఈ లెక్కన మధ్యలో ఉన్న ఒక్కొక్క స్తంభం దాదాపు 4 చదరపు మీటర్ల కప్పును, అంటే 260 కిలోల పెంకు బరువును మోస్తున్నది. దూలం, వాసాల బరువు, కప్పు మీదికి ఎక్కే ఒక మనిషి బరువు చేర్చితే ఇది 400 కిలోలకు చేరుతుంది. వానకు నానిన పెంకు ఇంకా బరువెక్కుతుంది. గూన పెంకును రెండు వరుసలుగా కప్పిన ఇళ్లలో భారం మరింత హెచ్చు. తాత్కాలిక ఊతలను ఈ అంచనాకు కనీసం రెట్టింపు బరువు మోయగలిగే విధంగా ఏర్పాటు చేసుకోవడం శ్రేయస్కరం.

స్తంభం తీసివేసినంత మాత్రాన ఈ 400 కిలోలు ఎక్కడికీ పోవు. అవి నేలకు చేరడానికి మరొక దారి కల్పించిన తరువాతనే పాత దారిని మూయాలి. ఆ కొత్త దారిలో కప్పు నుండి దూలానికి, దూలం నుండి ఊతకర్రకు, కర్ర నుండి నేలకు గల ప్రతి కలయికా గట్టిగా ఉండాలి. ఊతకర్ర విరిగి కప్పు కూలడం కంటే కర్ర తల వద్ద జారి, లేదా మొదలు వద్ద నేలలోకి దిగబడి కూలే ప్రమాదమే ఎక్కువ. అందుచేత కర్ర లావు ఎంత అన్నది చూసినంత శ్రద్ధగా దాని రెండు కొసలను చూడవలసి ఉంటుంది.

పనికి ముందు పరీక్ష

చెడిపోయినది స్తంభం ఒక్కటేనా, దూలం కూడానా అన్నది మొదట తేల్చుకోవాలి. ఊతను ఎక్కడ నిలపాలన్నది దీనిపైనే ఆధారపడి ఉంటుంది. సన్నని ఉలితోగాని, స్క్రూడ్రైవరుతోగాని స్తంభం మొదలును, దూలం కింది భాగాన్ని, గోడలో దిగిన దూలం కొసను, వాసాల కొసలను పొడిచి చూడాలి. గట్టి కొయ్యలో మొన దిగదు. చెద తిన్న కొయ్య పైకి నున్నగా కనిపిస్తూనే లోపల డొల్లగా ఉంటుంది. సుత్తితో తట్టినప్పుడు వచ్చే బోలు శబ్దం దీనిని పట్టిస్తుంది. గుండు దారం వేలాడదీసి స్తంభాలు ముందుకు ఒరిగి ఉన్నవేమో గమనించాలి. ఏటవాలు కప్పు తన బరువుతో దూలాన్ని కొంతమేరకు బయటికి నెడుతూ ఉంటుంది కనుక పాత ఇళ్లలో ఈ ఒరుగుదల అరుదు కాదు. వాసాలు ఆనిన గోడలోనే నిలువు పగుళ్లు ఉన్నా, గోడ ఉబ్బి ఉన్నా పని మొదలుపెట్టక ముందే ఇంజనీరుకు చూపించడం అవసరం.

దూలానికి కట్టిన ఉయ్యాల, బట్టలు ఆరవేసే తీగ, స్తంభానికి కట్టివేసిన పశువులు మొదలైనవి ముందు రోజే తొలగించాలి. ఇవి చిన్న విషయాలుగా తోచవచ్చు. కాని కట్టు తెంచుకోబోయిన ఒక్క గేదె ఊతకర్రను పడదోయగలదు. చాలా ఇళ్లలో కరెంటు సర్వీసు తీగ వసారా చూరు మీదుగా వచ్చి గోడనున్న మీటరుకు చేరుతుంది. దానిని ఇంటివారు స్వయంగా విప్పడం, పక్కకు లాగి కట్టడం ప్రాణాపాయం. విద్యుత్ పంపిణీ సంస్థ సిబ్బందికి తెలిపి, సరఫరా నిలిపివేయించి, వారి చేతనే తీగను మార్పించుకోవాలి. ఇంటికి వెనుక ద్వారం ఉన్నట్లయితే పని ముగిసే వరకు రాకపోకలు అటు నుండే సాగించడం మంచిది. వెనుక ద్వారం లేని పక్షంలో ఊతలు నిలిపి స్తంభం మార్చే సమయమంతా ఇంటిల్లిపాదీ బయటనే ఉండాలి.

కప్పు బరువు తగ్గించడానికి పెంకులు దించాలా అన్న విషయంలో మేస్త్రీలలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. దూలం బాగుండి ఒక్క స్తంభం మార్చవలసి వచ్చినప్పుడు పెంకులు కదపవలసిన పని లేదు. దించి మళ్లీ నేయడంలో పగిలే పెంకుల నష్టమే హెచ్చు. దూలమే మార్చవలసి వస్తే మాత్రం ఆ మేరకు పెంకులు దించడం తప్పనిసరి. పై వరుస కింది వరుసను కప్పుతూ ఉంటుంది గనుక పై నుండి కిందికి విప్పుకుంటూ రావాలి. దించిన పెంకులను వసారా నేలపైగాని, మిగిలిన కప్పుపైగాని పేర్చరాదు.

ఊత మొదలు

'నేల విడిచి సాము' అన్న నానుడి ఈ పనికి అక్షరాలా వర్తిస్తుంది. నాలుగు అంగుళాల లావు గల సర్వీ కర్ర మొదలు వైశాల్యం 80 చదరపు సెంటీమీటర్లకు మించదు. రెండు ఊతలు పంచుకోగా ఒక్కొక్క దానిపై 200 కిలోలు పడినప్పటికీ, నేలపై కలిగే ఒత్తిడి చదరపు మీటరుకు 25 టన్నులకు చేరుతుంది. తడిసిన మెత్తని బంకమన్ను అందులో సగాన్ని కూడా నమ్మకంగా మోయలేదు. అదే కర్ర కింద 9 అంగుళాల వెడల్పు, 3 అడుగుల పొడవు, 2 అంగుళాల మందం గల గట్టి పలక పరచినట్లయితే బరువు విస్తరించి, ఒత్తిడి చదరపు మీటరుకు ఒక టన్ను దరిదాపులకు తగ్గిపోతుంది. ఒక పలక ముక్క చేసే మేలు ఇది.

పలక కింద నేల చదునుగా, గట్టిగా ఉండాలి. అరుగు అంచున పలకను ఉంచరాదు. పాత అరుగులు రాతికట్టు నడుమ మట్టి నింపినవి కాబట్టి అంచు విరిగి జారే ప్రమాదం ఉంటుంది. నాపరాళ్లు పరచిన నేలలో రాతి కింద మట్టి కుంగి ఖాళీ ఏర్పడి ఉండవచ్చు. తట్టి చూసి, బోలుగా మోగిన రాతిపై ఊత నిలపరాదు. నల్లరేగడి నేలల్లో వాన వెలిసిన వెంటనే ఆరుబయట ఊతలు నిలపడం తగదు. ఇటుకలు పేర్చి ఎత్తు సరిచేసుకోవడం అన్ని చోట్లా కనిపించే అలవాటు. విడి ఇటుకల దొంతర పక్కకు తోస్తే నిలవదు, బరువుకు చిట్లుతుంది. పొట్టి కర్ర కింద ఇటుకలు పెట్టే బదులు తగిన పొడవు గల కర్ర తెచ్చుకోవడమే మార్గం.

కర్ర, దాని తల

కర్ర తిన్నగా, పగుళ్లు, పెద్ద ముడులు లేకుండా ఉండాలి. రెండు పొట్టి కర్రలను తాడుతో జతచేసి పొడవు పెంచడం ఎంతమాత్రం పనికిరాదు. ఒకే లావు గల కర్ర పొడవు రెట్టింపైతే, వంగిపోకుండా మోయగలిగే బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. ఎనిమిది అడుగుల వసారాకు చాలిన కర్ర పదహారు అడుగుల పోర్టికోకు చాలదని దీనిని బట్టి గ్రహించవచ్చు. పట్టణాలలో సెంట్రింగు సామగ్రి అద్దెకిచ్చే దుకాణాలలో ఇనుప జాకీ పైపులు లభిస్తాయి. ఎత్తును మర సాయంతో సరిచేసుకొనే వీలుండడం వలన ఇవి మెరుగైనవి. అయితే పైపుకు ఉద్దేశించిన అసలు పిన్నుకు బదులు చేతికందిన చువ్వ ముక్కను దూర్చడం, వంగిన పైపును వాడడం ప్రమాదకరం. పైపును ఎంత ఎక్కువ సాగదీస్తే దాని సత్తువ అంత తగ్గుతుంది.

దూలం గట్టిగా ఉన్నట్లయితే, మార్చవలసిన స్తంభానికి ఇరువైపులా అడుగున్నర నుండి రెండడుగుల ఎడంలో దూలం కిందనే ఒక్కొక్క ఊత నిలపాలి. అంతకంటే దగ్గరగా నిలిపితే వడ్రంగికి చేయి ఆడదు. మరీ దూరం చేస్తే దూలం నడుమ వంగుతుంది. దూలమే చెడిపోయి ఉన్నట్లయితే దాని కింద ఊత పెట్టి ప్రయోజనం లేదు. అప్పుడు దూలానికి లోపలి పక్కగా, వాసాలన్నింటి కిందుగా మరొక గట్టి దుంగను అడ్డంగా ఆనించి, దానిని వరుస ఊతలతో నిలపాలి. వాసాల వాలుకు తగినట్లు దుంగ పైభాగాన చెక్క ముక్కలు కొట్టి ప్రతి వాసమూ ఆనేటట్లు చూడాలి. ఒక్క వాసం ఆనకపోయినా దాని భారం పక్క వాసాలపై పడుతుంది.

కర్ర తలను సరాసరి దూలానికి ఆనించకుండా నడుమ ఒక పలక ఉంచి, కర్ర పక్కకు జారకుండా ఇరుపక్కలా చెక్క ముక్కలు మేకులతో బిగించాలి. ఊత నిట్టనిలువుగా ఉన్నదీ లేనిదీ రెండు వైపుల నుండి గుండు దారంతో సరిచూడాలి. తరువాత ఊతలను ఒకదానితో ఒకటి ఏటవాలు అడ్డకర్రలతో కలపాలి. ఇంటి గోడ వైపునకు కూడా కనీసం ఒక అడ్డకర్ర ఉండాలి. కప్పు బయటికి నెట్టే ఒత్తిడిని ఇంతకాలం స్తంభం కొంతమేరకు అడ్డుకుంటూ వచ్చింది. నిలువు ఊత ఒక్కటే ఆ పని చేయలేదు.

బిగింపులో మెలకువ

ఒక కొస మందంగా, మరొక కొస పలుచగా చెక్కిన వాలు చెక్కలను జంటగా, ఎదురెదురుగా ఉండేటట్లు ఊత మొదలుకు, పలకకు నడుమ చొప్పించి బిగించడం తరతరాలుగా వస్తున్న పద్ధతి. రెండు పక్కల నుండి మార్చి మార్చి, తేలిక దెబ్బలతో బిగించాలి. ఈ పని చేసేటప్పుడు ఒక మనిషి సుత్తి వద్ద, మరొకరు కప్పును, గోడను కనిపెట్టి ఉండడం అవసరం. ఊత బిగిసిన కొద్దీ సుత్తి శబ్దం మారుతుంది. వాసాలు గోడపై ఆనిన చోట సున్నం రాలినా, పెంకుల వరుస కదిలినా వెంటనే ఆపివేయాలి.

ఊత చేయవలసిన పని బరువును అందుకోవడం మాత్రమే, కప్పును పైకి లేపడం కాదు. ఏళ్ల తరబడి కుంగిన దూలాన్ని ఒక్క పూటలో సరిచేద్దామన్న ఉత్సాహంతో బిగిస్తే గోడ పగులుతుంది, పెంకులు విడిపోతాయి. మట్టానికి తీసుకురావడం తప్పనిసరి అయిన పక్షంలో రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా, రోజుల తరబడి చేయవలసి ఉంటుంది. అంగుళం కుంగిన వసారాను అలాగే ఉంచి గట్టిపరచుకోవడమే చాలా సందర్భాలలో తెలివైన నిర్ణయం.

ఊతలు బిగించిన వెంటనే స్తంభాన్ని తీయకుండా ఒక రాత్రి గడవనివ్వడం మంచిది. నేల సర్దుకొని వాలు చెక్కలు వదులైనట్లయితే మరునాడు ఉదయం మళ్లీ బిగించి, అవి కదలకుండా మేకు వేయాలి. పాత స్తంభం తలకు, దూలానికి నడుమ పలుచని రంపపు బద్ద దూరగలిగితే బరువు ఊతలపైకి మారినట్లు గుర్తు. రంపం బిగుసుకుపోతున్నదంటే స్తంభం ఇంకా మోస్తూనే ఉన్నదని అర్థం. అటువంటి స్తంభాన్ని సమ్మెటతో కొట్టరాదు. ఒకసారి ఒక్క స్తంభాన్నే మార్చాలి. దాని పని పూర్తి కానిదే రెండవదానిపై చేయి వేయరాదు.

కొత్త స్తంభాన్ని నేలలో పాతిపెట్టినట్లయితే కొన్నేళ్లకు మళ్లీ ఇదే పని చేయవలసి వస్తుంది. అరుగు కంటే కొంత ఎత్తుగా రాతి దిమ్మెపైగాని, కాంక్రీటు దిమ్మెపైగాని నిలిపి, కొయ్యకు రాతికి నడుమ తేమ పాకకుండా తారు పూయడం మేలు. దిమ్మె కొత్తగా పోసినదైతే అది గట్టిపడే వరకు, కనీసం వారం రోజుల పాటు తడుపుతూ ఊతలను అలాగే ఉంచాలి.

పోర్టికో స్లాబుల విషయం

పట్టణాలలో పెంకుల వసారా స్థానంలో కాంక్రీటు పోర్టికోలు వచ్చాయి. 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 5 అంగుళాల మందం గల స్లాబు ఒక్కటే సుమారు 2.8 టన్నులు తూగుతుంది. పిట్టగోడ, పైన పరచిన గచ్చు, పూలకుండీలు దీనికి అదనం. లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బడంతో కాంక్రీటు పెచ్చులుగా ఊడిపడడం, ముఖ్యంగా ఉప్పుగాలి తగిలే కోస్తా పట్టణాలలో, సాధారణంగా కనిపిస్తున్నది. ఈ స్లాబుల మరమ్మతుకు ఊతలు పెట్టడం ఇంజనీరు పర్యవేక్షణలో జరగవలసిన పని. గృహస్థులు తెలుసుకోవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి.

స్తంభాలపై నిలిచిన స్లాబు, గోడ నుండి ముందుకు చొచ్చుకొని వచ్చి కింద స్తంభాలు లేని స్లాబు పైకి ఒకే మాదిరిగా కనిపించినా, వాటి లోపలి అమరిక వేరు. మొదటి దానిలో ప్రధానమైన ఇనుము స్లాబు అడుగున, రెండవ దానిలో పైభాగాన ఉంటుంది. స్తంభాలు లేని స్లాబు కొస కింద జాకీ పెట్టి పైకి బిగించినట్లయితే, ఇనుము లేని అడుగు భాగం సాగుతుంది. పగలకుండా కాపాడడానికి పెట్టిన ఊతయే పగులుకు కారణమవుతుంది. అందుచేత అటువంటి స్లాబుకు ఊతలు ఒక్క కొసనే కాక వరుసలుగా, కేవలం తాకి నిలిచేటట్లు ఉండాలి.

హైదరాబాద్ వంటి నగరాలలో అనేక ఇళ్లకు నీటి సంపు పోర్టికో కిందనే ఉంటుంది. కొన్నిచోట్ల సెప్టిక్ ట్యాంకు కూడా అక్కడే. పైన టైల్స్ పరచి ఉండడం వలన దాని హద్దులు అద్దెకున్నవారికి, కొత్త మేస్త్రీకి తెలియవు. సంపు మూతపై, ట్యాంకు కప్పుపై ఊత నిలిపితే పై బరువు ఆ పలుచని కప్పుపై పడుతుంది. సంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ముందుగానే సుద్దతో గీసి చూపించడం ఇంటి యజమాని బాధ్యత. మరమ్మతు ముగిసే వరకు కారును, స్కూటరును అక్కడ నిలపరాదు. వాహనం వెనుకకు తీస్తుండగా తగిలే చిన్న దెబ్బకు జాకీ పడిపోవచ్చు.

కొత్త కాంక్రీటు పోసిన తరువాత ఊతలు తీయడానికి తొందర తగదు. 4.5 మీటర్ల లోపు స్లాబులకు 7 రోజులు, అంతకు మించిన వాటికి 14 రోజులు, 6 మీటర్ల లోపు దూలాలకు 14 రోజులు, మించిన వాటికి 21 రోజులు ఊతలు ఉండాలని 2000 నాటి ఐ.ఎస్. 456 నిర్దేశించింది. ఇది సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు చెప్పిన లెక్క. నేడు విరివిగా వాడుతున్న బూడిద కలిపిన సిమెంటు మెల్లగా గట్టిపడుతుంది కాబట్టి మరికొన్ని రోజులు ఆగాలి. రెండు వైపులా ఆధారం గల స్లాబుకు నడిమి ఊతలను ముందుగా వదులు చేసి కొసల వైపు రావాలి. స్తంభాలు లేని స్లాబుకు బయటి కొస నుండి మొదలుపెట్టి గోడ వైపు రావాలి. వరుస తారుమారైతే స్లాబు తాను మోయడానికి ఉద్దేశించని రీతిలో మోయవలసి వస్తుంది.

కాలం ఎంపిక

తాత్కాలిక ఊతలపై ఉన్న కప్పుకు బరువు కంటే గాలి పెద్ద శత్రువు. మూడు వైపులా తెరచి ఉన్న వసారాలోకి చొరబడిన గాలి కప్పును పైకి లేపుతుంది. ఆ క్షణంలో కేవలం బరువుతో నిలిచి ఉన్న ఊతలు వదులై పడిపోతాయి. గాలి తగ్గగానే కప్పు ఊత లేని చోటికి దిగుతుంది. విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరు ప్రాంతాలకు భవన నిర్మాణ ప్రమాణాలు సెకనుకు 50 మీటర్ల, అంటే గంటకు 180 కిలోమీటర్ల గాలి వేగాన్ని లెక్కలోకి తీసుకోవాలని సూచిస్తున్నాయి. హైదరాబాదుకు ఇది 44 మీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు గట్టి కట్టడాల కప్పులే ఎగిరిపోయాయి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు కోస్తా జిల్లాలలో ఇటువంటి పనులు పెట్టుకోకపోవడం ఉత్తమం. జనవరి నుండి మార్చి వరకు గాలి, వాన రెండూ తక్కువ. వేసవి సాయంత్రాలలో వీచే ఈదురుగాలులను దృష్టిలో ఉంచుకొని ఆ నెలలలో ఊతల పనిని ఉదయం పూట ముగించుకోవాలి.

ఏ కాలంలోనైనా వాసాలను దూలానికి, దూలాన్ని ఊతలకు బలమైన తీగతో కట్టి, వాసాల పై కొసలను గోడకు బిగించి ఉంచాలి. మధ్యలో వాతావరణ హెచ్చరిక వెలువడితే పనిని ఎక్కడికక్కడ ఆపి, అడ్డకర్రలు పెంచి, ఇంటివారు వేరే చోటికి వెళ్లాలి. గాలివాన వెలిసిన తరువాత మొదట చూడవలసినవి ఊతల మొదళ్లు, వాలు చెక్కలు. వాటిని తిరిగి బిగించిన తరువాతనే ఎవరైనా కప్పు కిందికి రావాలి.

కొత్త స్తంభం నిలిచిన తరువాత వాలు చెక్కలను బిగించినట్లే మెల్లగా, రెండు ఊతల వద్ద సమానంగా వదులు చేయాలి. వదులు చేసిన ఊతలను ఆ రోజు తీసివేయకుండా దూలానికి వేలు మందం ఎడంలో నిలిపి ఉంచి, మరునాడు దూలం మట్టాన్ని, గోడ వద్ద సున్నాన్ని మరొకసారి చూసుకొన్న పిమ్మట దించవచ్చు.